ఒబ్దూలియా అత్త భోజనానికి వెళ్ళింది

శాన్ సెబాస్టియన్
3 మే 1986, శనివారం

రొసౌరా తల్లీ,

క్షేమంగా చేరాను. రైలు దిగగానే ఉత్తరం రాస్తానని నీకు మాటిచ్చిన సంగతి గుర్తుంది. రైలు దిగి అయిదు రోజులైన సంగతీ గుర్తుంది. తిట్లు దాచుకో, ఉత్తరం చివరికొచ్చేసరికి ఇంకా మంచి కారణం దొరుకుతుంది.

కసిల్డా గారని ఒకావిడ గదులు అద్దెకిస్తుంది. ఆవిడ ఇంట్లో మూడో అంతస్తులో దిగాను. కిటికీలోంచి సముద్రం కనపడదు, ఎదురింటి వాళ్ళ దుప్పట్లు కనపడతాయి. రోజుకు నాలుగుసార్లు వాన. ఇక్కడివాళ్ళు వానను అసలు లెక్కచెయ్యరు, నాలాంటి సమోరా మనిషే చూరుల కింద పరిగెడుతుంది.

సముద్రం గురించి రాయమన్నావు. పెద్దది. బాగుంది. ఇక తిండి సంగతి చెబుతాను.

సాయంత్రమైతే ఈ ఊళ్ళో ఎవరూ ఒకచోట కూర్చుని తినరు. ఒక బారులో నిలబడి ఒక ముక్క, ఒక గుక్క, మళ్ళీ పక్క బారు. ఒంటరి ఆడదాన్ని, ఎవరేమంటారోనని మొదటిరోజు గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కౌంటరు వెనకాయన, "ఏమ్మా, ద్వారపాలకురాలివా, లోపలికి రా!" అన్నాడు. వెళ్ళాను. ఇది నెత్తళ్ళ కాలం. అప్పుడే పడవ దిగిన నెత్తళ్ళను వెల్లుల్లితో నూనెలో అలా చూపించి ఇలా తీశాడు. నేను తిని, కళ్ళు మూసుకుని, ఇంకో కంచం అడిగాను. పక్కనున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు.

అమ్మాయ్, ముప్పై నాలుగేళ్ళు కాన్వెంటు హాస్టల్లో నూట అరవై మంది ఆడపిల్లలకు వండాను. సోమవారం పప్పు, మంగళవారం శనగలు, శుక్రవారం ఉప్పు చేప. ఒకరు వండి నా ముందు కంచం పెట్టిన సందర్భాలు ఎన్నని లెక్కపెడితే ఒక చేతికే ఇంకా వేళ్ళు మిగిలాయి. ఈ అయిదు రోజుల్లోనే ఆ లెక్క దాటిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న చేపల బజారుకు వెళ్ళాను. కొనడానికి కాదు, అలవాటు. మెర్లూసా చేప ఒకటి కనిపిస్తే మొప్ప ఎత్తి చూశాను. వెనకనుంచి ఒక గొంతు, "అది నిన్నటిది. దాని వెనకున్నది ఇవాళ్టిది. మనుషుల్లాగే, ముందు నిలబడ్డవాళ్ళు ఎప్పుడూ మంచివాళ్ళు కారు."

తిరిగి చూస్తే అరవై దాటిన మనిషి. చేతివేళ్ళ గీతల్లో నల్లటి మరకలు ఉన్నాయి. నలభై ఏళ్ళు రేవులో పడవల ఇంజన్లు బాగుచేశాడట. పేరు ఇలారియో.

"మీరైతే దీన్ని ఎలా వండుతారు?" అన్నాడు.

"పిండిలో, గుడ్డులో ముంచి వేయిస్తాను."

తల పట్టుకున్నాడు. నిజంగానే రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంత అందమైన చేపకు కోటు తొడుగుతారా! ఎక్కడివాళ్ళు మీరు?"

"సమోరా."

"అదీ సంగతి. సముద్రం చూడనివాళ్ళు చేపను చూసి భయపడి కప్పెడతారు."

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. అరగంట అక్కడే పోట్లాడుకున్నాం. చివరికి, గురువారం మా సంఘానికి భోజనానికి రండి, నేను వండుతాను, అన్నాడు. వస్తానన్నాను.

ఇక తిట్టుకో.

నీ మేనత్త
ఒబ్దూలియా


సమోరా
7 మే 1986

అత్తా,

తిట్టడం లేదు. దుకాణంలో కుర్చీలో కూర్చున్న ఆవిడ జుట్టుకు రంగు పెట్టి, అది ఆరే లోపల రాస్తున్నాను కాబట్టి తిట్టే తీరిక లేదు. అడిగినవాటికి మాత్రం జవాబివ్వు.

ఏమిటా సంఘం? దానికి బోర్డుందా? ఆ మనిషి పడవల మెకానిక్కా, హోటల్లో వంటవాడా? మెకానిక్ అయితే వండటమేమిటి? నేను డామియాన్‌కు చదివి వినిపించాను. ఆయన గడ్డం గీసుకుంటూ, "మెర్లూసాను చూపించి మనిషిని పట్టే వల" అన్నాడు. నా భర్త తెలివైన మాట మాట్లాడటం ఏడాదికి రెండుసార్లే జరుగుతుంది, అందులో ఒకటి ఇది.

అరవై ఒక్కేళ్ళు ఎవరి వంకా కన్నెత్తి చూడలేదు. చేపల బజారులో మొదలుపెట్టావా?

ఇంకో సంగతి. నీ బదులు కాన్వెంటులో చేరిన వంటావిడ మూడు వారాలకే చేతులెత్తేసింది. కాన్వెంటు పెద్దమ్మగారు సగ్రారియో స్వయంగా నా దుకాణానికొచ్చారు. జుట్టు ముసుగులో దాచుకునే మనిషి మంగలి దుకాణానికి రావడం ఎంత అవసరమైతేనో ఆలోచించు. నిన్ను మళ్ళీ రమ్మంటున్నారు. ఇరవయ్యో తేదీ దాకా చూస్తారట. నువ్వు ఊరకే కూర్చోలేవని నాకు తెలుసుగా, తప్పకుండా వస్తుందని చెప్పేశాను. ఆవిడ నా నుదుటి మీద ముద్దుపెట్టింది.

గురువారం వెళ్ళకు. వెళ్ళినా గుమ్మానికి దగ్గరగా కూర్చో.

రొసౌరా


శాన్ సెబాస్టియన్
9 మే 1986

తల్లీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. గురువారం నిన్నటితో అయిపోయింది.

సంఘమంటే మగవాళ్ళు సరదాకి చేరి వండుకుని తినే చోటు, దానికి బోర్డు లేదు. పాతపేట సందులో ఒక చెక్క తలుపు, సభ్యులందరికీ తలో తాళంచెవి. లోపల పొడుగాటి బల్లలు, చివర నా కాన్వెంటు వంటింటికంటే పెద్ద వంటిల్లు, అందులో ఏప్రన్లు కట్టుకున్న మగవాళ్ళు పదిమంది. ఒకరు బ్యాంకులో గుమాస్తా, ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు బట్టల కొట్టువాడు. అందరూ పాడుతూ వండుతున్నారు. ఒకరి మూకుడులో ఇంకొకరు వేలుపెట్టి రుచిచూసి తిట్టుకుంటున్నారు. రొసౌరా, ఇలాంటి దృశ్యం ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

భోజనానికి ముందు వాళ్ళు నాకొక చిన్న కంచంలో రొట్టె, పీత గుజ్జు పెట్టారు. తిన్నాను. కంచం తీసుకుని కడుగుదామని వంటింటి వైపు వెళ్ళాను. గుమ్మంలో ఇంకా కాలు పెట్టలేదు, ఆరుగురు ఒక్కసారి అరిచారు.

"ఆగండాగండి! గడప దాటకండి!"

"ఏం, లోపల కుక్కుందా?" అన్నాను.

బెనార్డో అని పళ్ళ డాక్టరు, "కుక్కకైతే ఫరవాలేదు తల్లీ. ఆడవాళ్ళకే లేదు," అన్నాడు. తాతల నాటి కట్టుబాటట. ఆడవాళ్ళు అతిథులుగా రావచ్చు, తినొచ్చు, వంటింట్లో మాత్రం అడుగుపెట్టకూడదు.

నా చెవులు ఎర్రబడ్డాయి. "ముప్పై నాలుగేళ్ళు వంటింట్లో బతికినదాన్ని. నన్ను ఆపేది మీరా?" అన్నాను.

ఇలారియో పొయ్యి దగ్గరనుంచి వెనక్కి తిరగకుండానే, "అందుకే కూర్చోండి," అన్నాడు.

కూర్చున్నాను. అవమానపడాలో లేదో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఉప్పు చేప వండుతున్నాడు. నేను శుక్రవారం శుక్రవారం పిల్లలకు పెట్టి వాళ్ళ శాపాలు తిన్నదే. మట్టి మూకుడులో నూనె, వెల్లుల్లి, చేప, అంతే. పిండి లేదు. మూకుడును రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా ఊపుతూనే ఉన్నాడు. పావుగంట, ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరో పిలిచినా పలకలేదు. చూస్తుండగా నూనె తెల్లబడి, చిక్కబడి, వెన్నలా అయింది. ఇంజన్లు బాగుచేసిన చేతులు అంత మెత్తగా కదులుతాయని నాకేం తెలుసు.

తెచ్చి నా ముందు పెట్టాడు. తను కూర్చోలేదు. నేను మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా నిలబడ్డాడు. "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, ఏడ్చాను. జీవితమంతా ఆ ప్రశ్న నేను అడిగినదే తప్ప నన్ను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత సముద్రం ఒడ్డున ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాం. వాన పడింది, నేను పరిగెత్తలేదు. ఆయన ఏప్రన్ మీద నీలం దారంతో ఎవరో చక్కగా పేరు కుట్టారు. బాగుందంటే, "నా భార్య పనితనం," అన్నాడు. మంచి చెయ్యి.

కాన్వెంటు వాళ్ళకు నా తరఫున మాటివ్వడమేమిటి నువ్వు? నన్నడగాలని తోచలేదా? ఆ సంగతి కోపం తగ్గాక రాస్తాను.

ఒబ్దూలియా


సమోరా
13 మే 1986

అత్తా,

భార్యా!

నాలుగు పేజీలు చేప గురించి రాసి, భార్య ఉందన్న ముక్క మాత్రం ఏప్రన్ కుట్టుపని మధ్యలో తోసేస్తావా? పైగా "మంచి చెయ్యి" అట! ఆవిడకు తెలుసా నీతో ఇసుక మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా నడుస్తున్నాడని? నేను మూడుసార్లు చదివాను. డామియాన్ ఒకసారి చదివి, నీకు అక్కడికి వినపడేంత గట్టిగా ఈల వేశాడు.

ఇంకా ఉంది. మందుల షాపాయన భార్య మయ్‌తే గారి పుట్టిల్లు నువ్వున్న ఊరికి దగ్గరే. నిన్న తల కడిగించుకోడానికొస్తే, ఆ సంఘాల గురించి అడిగాను. సబ్బు కళ్ళలో పడేంతగా నవ్వింది. ఆవిడ మాటలే రాస్తున్నాను: "మా నాన్న, అన్నలు అందరూ సభ్యులే. అక్కడ గరిటె పట్టిన మహారాజులు. ఇంటికొస్తే మంచినీళ్ళు కూడా ముంచుకోరు. మా అమ్మ యాభై ఏళ్ళు వండింది, మా నాన్న సంఘంలో చేసిన పులుసు ఎంత బాగుంటుందో ఊళ్ళోవాళ్ళు చెబితే వినేది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వీళ్ళు రచ్చ గెలిచి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడే రకం. భార్య ఉంటే ఒక తప్పు. లేకపోతే, వండిపెట్టే మనిషి కోసం వెతుక్కుంటున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఆ పుల్లకూర చూసి మోసపోకు.

ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగింటి రైలుకు రా. సగ్రారియో గారు నీ పెద్ద గరిటెను తోమించి గోడకు తగిలించారట.

కోపంగానే, ప్రేమగానే,
రొసౌరా


శాన్ సెబాస్టియన్
16 మే 1986

రొసౌరా,

ఆయన భార్య ఫెలీసా. చనిపోయి ఆరేళ్ళయింది. ఆ ఏప్రన్ అంతకుముందుది. ఇకమీదట ఎవరి మీదైనా రాయి విసిరేముందు ఆ రాయిని కాసేపు చేతిలో పట్టుకుని చూడు.

కానీ మయ్‌తే గారి మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నీ ఉత్తరం రావడానికి ముందురోజే, బుధవారం, రేవు గోడ మీద కూర్చుని ఉండగా ఆయన నన్నడిగాడు.

"వెళ్ళొద్దు, ఒబ్దూలియా. నాతో ఉండిపో. నాది నాలుగు గదుల ఇల్లు," అన్నాడు. నా గుండె ఈ వయసులో చెయ్యకూడని పనులన్నీ చేస్తోంది. అంతలో మెరిసిపోతున్న మొహంతో, "అన్నిటికంటే వంటిల్లు చూడాలి నువ్వు! పొద్దున్నే ఎండ పడుతుంది. నాలుగు పొయ్యిలు, చలువరాతి బల్ల. రాణిలా ఏలుకో," అన్నాడు.

పాపం, ఆయన దృష్టిలో వంటమనిషికి ఇవ్వగలిగిన పెద్ద కానుక అదే. వజ్రాల హారమిస్తున్నట్టు ఇచ్చాడు. నాకు మాత్రం మళ్ళీ గరిటె చేతికిచ్చినట్టనిపించింది. ఆలోచించి చెబుతానన్నాను. మర్నాడు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. అది సంచీలో పెట్టుకుని, "ఆ వంటిల్లు చూపించు," అని ఆయన ఇంటికి వెళ్ళాను.

అద్దంలా ఉంది. అంత శుభ్రంగా ఉండకూడదు వంటిల్లు. మూకుళ్ళ అడుగున మసి లేదు.

"కాఫీ పెడతావా నాకు?" అన్నాను.

ఆయన ఒక సొరుగు తీశాడు, మూశాడు. ఇంకోటి తీశాడు. "అగ్గిపెట్టె ఎక్కడ పెట్టేదో..." అని గొణిగాడు.

"ఆరేళ్ళుగా ఈ పొయ్యి వెలిగించలేదా?"

"సంఘంలోనే తింటాను."

"అంతకుముందు?"

"అంతకుముందు ఫెలీసా ఉందిగా."

"ఆవిడ నీ చేతి ఉప్పు చేప ఎన్నిసార్లు తింది, ఇలారియో?"

కుర్చీలో కూర్చున్నాడు. "పండగనాడు ఆడవాళ్ళను పిలుస్తాం. ఏడాదికొకసారి. ముప్పై ఒక్కేళ్ళు, ముప్పై ఒక్కసార్లు," అన్నాడు. తర్వాత, "ఒకసారి అడిగింది, ఇంట్లో కూడా చెయ్యొచ్చుగా అని. నేను నవ్వాను. అందరూ నవ్వేవాళ్ళే, నేనూ నవ్వాను," అన్నాడు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి.

జాలిపడ్డాను. ఆయన మీదా, ఎప్పుడూ చూడని ఆ ఫెలీసా మీదా. జాలితో నేను చేసే పని ఏమిటో నీకు తెలుసు, కొంగు దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళడం. నా చేతులు అప్పటికే అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నాయి. అది చూసి నాకే భయమేసింది. ఇంకో పాతికేళ్ళు ఈ చలువరాతి బల్ల ముందు నిలబడి ఉన్న నేను కనపడ్డాను. సెలవని చెప్పి వచ్చేశాను.

ఇరవయ్యో తేదీ రైలుకు వస్తున్నాను. ఎటూ వండక తప్పదనుకుంటే, కాన్వెంటులో కనీసం నేను ఎవరినీ ప్రేమించడం లేదు.

అత్త


సమోరా
18 మే 1986, త్వరిత తపాలా

అత్తా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను అనుకున్నదే జరిగింది కాబట్టి సంతోషించాలి. మొదటి పది నిమిషాలు సంతోషించాను కూడా. తాళం తీసి నీ గది ఊడ్చాను. డామియాన్, "ఆదివారాలు మళ్ళీ మంచి భోజనమన్నమాట," అన్నాడు.

అక్కడ ఆగిపోయాను, అత్తా.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం నిన్ను మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. పిలుస్తున్నానని ఊరంతా చెప్పుకుంటాను కూడా. వారమంతా నూట అరవై మందికి వండి, ఆదివారం పొద్దున్నే బుట్టతో వచ్చేదానివి, మా వంటింట్లో నిలబడి వండేదానివి. నేను గోళ్ళకు రంగు వేసుకుంటూ నీతో కబుర్లు చెప్పేదాన్ని. ఆ ఇలారియోను తిట్టడానికి నాకేం హక్కుంది? ఆయన కనీసం ముప్పై ఒక్కసార్లు పెట్టాడు. నేను నీకు ఒక్కసారి కూడా పెట్టలేదు. ఎంత సిగ్గేస్తోందో రాయడం చేతకావడం లేదు.

రమ్మని రాయలేను. రావద్దని రాసే ధైర్యమూ లేదు. సగ్రారియో గారి దగ్గరికి వెళ్ళి, మాటివ్వడం నా తప్పు, ఆవిడ నిర్ణయం ఆవిడదే అని చెప్పొచ్చాను. ఈసారి నుదుటి మీద ముద్దు లేదు.

నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి.

నీ రొసౌరా


శాన్ సెబాస్టియన్
25 మే 1986, ఆదివారం

రొసౌరా, నా బంగారూ,

నీ ఉత్తరం ఇరవయ్యో తేదీ పొద్దున, నేను పెట్టె మీద కూర్చుని మూత బిగిస్తుంటే వచ్చింది. అలాగే కూర్చుని చదివాను. నువ్వు సిగ్గుపడకు. గరిటె నా చేతిలోంచి ఎవరైనా లాక్కుంటే కొరికేదాన్ని, ఆ తప్పులో సగం నాది.

పదకొండింటికి ఇలారియో వచ్చాడు. చేతిలో బజారు సంచీ. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"రైలు నాలుగింటికని కసిల్డా గారు చెప్పారు. రెండింటికి భోజనం. మా ఇంట్లో," అన్నాడు.

"వండేదెవరు?"

"ఒక ముసలి వెధవ. అగ్గిపెట్టె కొనుక్కున్నాడు."

వెళ్ళాను. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మాయ్, ముప్పై నాలుగేళ్ళలో నేను చేసిన పనులన్నిటికంటే ఆ గంటసేపు కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. వెల్లుల్లి మాడుతున్న వాసన వస్తోంది. నాకు తెలుసు, ఇప్పుడు తియ్యాలి, ఇప్పుడే, ఇంకా తియ్యలేదు! రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. పొగ ముందుగదిలోకి వచ్చింది. పైఅంతస్తు ఆవిడ బకెట్టు నీళ్ళతో తలుపు బాదింది, "ఇలారియో ఇంట్లో మంటలు!" అని. తలుపు తెరిస్తే ఇంట్లో ఏప్రన్‌తో ఆయన. మంటలు లేవని తెలిశాక ఆవిడ ఇంకా ఎక్కువ బెదిరిపోయి, శిలువ గుర్తు వేసుకుని పైకి వెళ్ళిపోయింది.

మూకుడు తెచ్చి పెట్టాడు. నూనె ఒకవైపు, చేప ఒకవైపు, అలిగిన మొగుడూపెళ్ళాల్లా ఉన్నాయి. ఊపి ఊపి ఆయన మణికట్లు ఎర్రబడ్డాయి. చెమటకు చొక్కా తడిసిపోయింది.

"అక్కడ అందరూ చూస్తుంటారు, మెచ్చుకుంటారు. అందుకే చెయ్యి ఆడుతుంది. ఇక్కడ ఎవరున్నారు?" అన్నాడు.

"నేనున్నాను."

"నువ్వు మెచ్చుకుంటావా?"

ఒక ముక్క తిన్నాను. ఆయన నా మొహం వంకే చూస్తున్నాడు, పరీక్ష రాసినవాడిలా.

"లేదు. బాగాలేదు," అన్నాను. "రేపు మళ్ళీ చెయ్యి."

"రేపా?" అన్నాడు. ఆ మాట ఆయనకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ పెద్ద చేతుల్లో మొహం దాచుకున్నాడు. నాలుగింటి రైలు కూత ఆ ఇంట్లోకి బాగానే వినపడుతుంది.

ఆ రోజునుంచి ప్రతి మధ్యాహ్నం వండుతున్నాడు. మూడో రోజు నూనె చిక్కబడింది, ఇద్దరం లేచి నిలబడి అరిచాం. పైఅంతస్తు ఆవిడ కబురు మోసింది, సంఘంలో గగ్గోలు. బెనార్డో మమ్మల్ని రోడ్డు మీద ఆపి, "ఏరా, ఇంట్లో కూడా వండుతున్నావట? రేపటినుంచి మా ఆవిడలు మమ్మల్ని బతకనిస్తారా? నీవల్ల సంసారాలు కూలతాయి!" అన్నాడు. ఇలారియో, "నీ సంసారంలో పడిపోడానికి ఏం మిగిలిందిరా, దానికీ పళ్ళు ఊడిపోయాయి," అన్నాడు. నాకు ఈ మనిషంటే ఎంత ఇష్టమో అప్పుడు బాగా తెలిసింది. రాస్తుంటే కూడా నవ్వొస్తోంది.

పెళ్ళి సంగతి అడుగుతావు. ఆయనా అడుగుతున్నాడు, రోజూ. ఏడాది వండనీ, అప్పుడు చూద్దాం అన్నాను. ఆయన ఇంటికి మారమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మీద అపనమ్మకం కాదు తల్లీ, నా చేతుల మీద. ఏ రోజో ఆయనకు జలుబు చేస్తుంది, ఆ రోజు నేను పొయ్యి వెలిగిస్తాను, మర్నాడూ వెలిగిస్తాను, ఇక అది ఆరదు.

సగ్రారియో గారికి నేనే ఉత్తరం రాశాను. జూన్‌లో నువ్వూ డామియానూ రండి. వట్టి చేతులతో రండి.

ఇకనుంచి ఉత్తరాలు కొత్త చిరునామాకు రాయి, కవరు వెనక ఉంది. రెండు సందుల అవతల అద్దెగది చూశాను. మంచం, బల్ల, సముద్రం వైపు కిటికీ. ఇంటావిడ తలుపు తెరిచి, కాస్త నసుగుతూ, "ముందే చెప్పడం మంచిది. గది బాగానే ఉంటుంది కానీ, వంటిల్లు లేదమ్మా. అందుకే ఏడాదిగా ఎవరూ..." అంది.

ఆవిడ మాట పూర్తి కాకముందే నేను నా పెట్టెను గదిలో పెట్టేశాను.

నీ అత్త
ఒబ్దూలియా